తుప్పమ్మ కొలతపుల్ల

“ఒకవేళ అది పేలితే?”

ఆ వారంలో ఆమె ఆ మాట అనడం అది పదకొండోసారి. లెక్క భర్తది. “పన్నెండోసారి అడిగితే నేనే పేలతా,” అన్నాడు, పాప కాళ్ళకు మేజోళ్ళు ఎక్కిస్తూ. ఆమె నవ్వలేదు.

నవ్వే పరిస్థితి కాదు మరి. పాపకు మూడేళ్ళు నిండి నెల. ఈ ఇంటి పై వాటాలోకి దిగీ నెలే. సోమవారం సాయంత్రం పాప మెట్లెక్కి వచ్చి, కళ్ళు ఇంతింత చేసుకుని చెప్పింది: “అమ్మా, తుప్పమ్మమ్మ దగ్గర గుర్రం ఉంది! వెనక్కి లాగితే టక్కుమని దూకుతుంది!”

చెక్క బొమ్మ కాబోలు అనుకుంది తల్లి. “ఎక్కడుందమ్మా గుర్రం?” అని అడిగింది, పప్పు కలుపుతూ.

“తుపాకీ మీద.”

అంతే. ఆ పూట అన్నం ముద్ద ఎవరి నోట్లో పెట్టిందో ఆమెకే తెలీదు.

కింది వాటాలో ఉండేది డెబ్బైకి దగ్గరపడ్డ ఒంటరి మనిషి. వెనకటి సైనికుల తుపాకులకు పట్టిన తుప్పు తీసి, పగిలిన కర్రభాగాలు అతికి, మళ్ళీ నలుగురూ చూడదగ్గట్టు చేసి మ్యూజియానికి పంపడం ఆవిడ పని. వీధంతా తుప్పమ్మ అంటారు. “తీసేది నేను, పేరేమో దానిది తగిలించారు,” అంటుందావిడ. అమ్మమ్మ వయసు కనక పాప ఇంకో “మ్మ” చేర్చుకుంది. తుప్పమ్మమ్మ.

పై వాటా తల్లి నీళ్ళ పరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. కెమిస్ట్రీ చదివింది. బిందెడు నీళ్ళలో కంటికి కనపడనంత ఆర్సెనిక్ ఉన్నా పట్టి, ఎంతుందో అంకె వేసి చెప్పే మనిషి. ఇంట్లో మాత్రం ఏ అంకే పనికిరాదు. గ్యాసు కట్టేశానా అని మూడుసార్లు వెనక్కి వస్తుంది. నిద్రపోతున్న పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. అలాంటి మనిషి ఇంటి కింద తుపాకులు!

మంగళవారం పొద్దున్నే ఇంటి ఓనరుకు ఉత్తరం రాసి పంపేసింది. కింది గదిలో ఆయుధాలున్నాయి, పసిపిల్ల ఉన్న ఇల్లు, వెంటనే ఆ గది ఖాళీ చేయించండి. ఓనరు ఫోన్ చేశాడు. “నాకూ ఎప్పట్నుంచో అనుమానమేనమ్మా. ఆదివారం వచ్చి తేల్చేస్తా.”

విషయం విని భర్త మెల్లగా అన్నాడు: “మీ ల్యాబులో శాంపిల్ చూడకుండానే రిపోర్టు రాస్తారా?”

ఆ ముక్క సూదిలా గుచ్చుకుంది. బుధవారం సాయంత్రం, పాపను ఆయన దగ్గర వదిలి, తనే కిందికి దిగింది.

తలుపు తీసే ఉంది. గది చిన్నదే. కిటికీ కింద పొడవాటి బల్ల, బల్ల అంచున తుపాకీ కదలకుండా బిగించే, పళ్ళకు తోలు అతికించిన పట్టుడు. అవిసెనూనె వాసన. సీసాల్లో నూనెలు, మైనం, ఇత్తడి కుంచెలు, కొమ్ముతో చేసిన గీకుడు ముక్కలు. గోడకు వరసగా పన్నెండు తుపాకులు, ఒక్కోదాని మెడలో ఒక్కో అట్టముక్క. గది మధ్యలో తుప్పమ్మ, కళ్ళద్దాల మీద ఇంకో భూతద్దం తగిలించుకుని.

“రా అమ్మాయ్. గుర్రం చూడ్డానికేగా?” అంది తలెత్తకుండా.

“మీకెలా తెలుసు పిన్నిగారూ?”

“మీ పాప వీధంతా చెప్పింది. నిన్న పాలవాడు వచ్చి గడ్డి ఎక్కడ కొంటున్నావు తుప్పమ్మా అని అడిగాడు.”

అప్పుడు చూపించింది. తుపాకీ పక్క భాగంలో, చెకుముకి రాయిని దవడల్లో కరుచుకుని వంగి ఉండే ఇనుప ముక్క. దాన్నే గుర్రం అంటారట. వెనక్కి లాగి వదిలితే ముందుకు దూకి రాపిడికి నిప్పురవ్వలు రాలుస్తుంది. పాపకు దూకించి చూపించింది తుపాకీకి ఉన్నది కూడా కాదు, విడిగా ఊడదీసి బల్ల మీద పెట్టినది. రాయి కూడా లేదు. పాప చూసింది కిటికీ బయట నిలబడి. “మూడేళ్ళ పిల్లని ఈ గడప దాటనిస్తానా? నాకేమన్నా మతిపోయిందా?”

తల్లికి కొంచెం ఊపిరి తిరిగింది. కానీ అసలు ప్రశ్న అలాగే మిగిలింది. అడిగేసింది.

“ఇవి పేలవని గ్యారంటీ ఏంటండీ?”

తుప్పమ్మ మొదటిసారి తలెత్తింది. “గ్యారంటీయా? ఏం లేదు. ఎవరైనా ఖాళీ తుపాకీ అని చెప్తే నమ్మకు. మందు, గుండు కూరి, కాల్చకుండానే గోడకు తగిలించేసినవి ఎన్నో. వందేళ్ళైనా అలాగే ఉంటాయి.”

తల్లి ఒక అడుగు వెనక్కి వేసింది.

“అందుకే ఇది,” అంటూ మూల నుంచి సన్నటి పొడవాటి పుల్ల తీసింది తుప్పమ్మ. పాలిష్ పట్టి నున్నగా ఉంది. “ఇనుపది కాదు, కర్రది. నిప్పు రాకూడదు కదా. దీన్ని గొట్టం మూతిలోంచి చివరిదాకా దించి, మూతి దగ్గర సుద్దతో గీత గీస్తా. బయటికి తీసి, గీతని మూతికి ఆనించి, గొట్టం మీదే పడుకోబెడతా. అడుగున, మందుకు నిప్పంటుకునే కన్నం ఉంటుందే, పుల్ల కొస అక్కడిదాకా వస్తే లోపల ఏం లేనట్టు. ముందే ఆగిపోతే ఏదో ఉన్నట్టు. ఎంత తక్కువైతే అంత ఉన్నట్టు.”

గోడ మీది అట్టముక్కల్ని దగ్గరికెళ్ళి చదివింది తల్లి. తేదీ, లోపలి కొలత, బయటి కొలత, సంతకం. పన్నెండింటికీ రెండు అంకెలూ ఒకటే. తన ల్యాబు రిజిస్టర్ చూసినట్టే అనిపించింది. ఉత్తరం సంగతి గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. చెప్పలేకపోయింది.

గురువారం వెళ్ళింది. శుక్రవారం కూడా వెళ్ళింది. పని చూస్తూ కూర్చుంటే ఆవిడ కథ దానంతటదే బయటికొచ్చింది. తండ్రి సైన్యంలో తుపాకులు బాగుచేసే మిస్త్రీ. ఈవిడ మ్యూజియంలో చేరింది మాత్రం ఊడ్చే పనికి. చేరిన రెండో ఏడు ఎవరో పెద్దమనిషి చూడ్డానికొస్తున్నాడని, తుపాకులన్నీ తళతళలాడాలని హుకుం. ఇటుకపొడి పెట్టి మూడు రోజులు తోమింది. అంట్ల గిన్నెల్లా మెరిశాయి. అందరూ మెచ్చుకున్నారు. తర్వాత రిజిస్టర్లు సరిచూసే గుమాస్తా వచ్చి ఒక తుపాకీ కర్ర మీద వెతుక్కున్నాడు. ఏనాటి సిపాయో మేకుతో చెక్కుకున్న రెండక్షరాలు ఉండాలి. లేవు.

“ఈ చేతులే తోమేశాయి,” అంది తుప్పమ్మ అరచేతులు చూసుకుంటూ. “వాడు ఈ లోకంలో వదిలిపోయింది ఆ రెండక్షరాలే కాబోలు. ఆ గుమాస్తా తిట్టనైనా తిట్టలేదు. తిట్టుంటే మర్చిపోయేదాన్ని. అప్పట్నుంచి కొలవకుండా, చూడకుండా దేన్నీ ముట్టుకోలేదు.”

చదువు లేకపోయినా ఆ గుమాస్తా దగ్గరే కూర్చుని పని నేర్చింది. ముప్పై నాలుగేళ్ళు చేసింది. రిటైరయ్యాక కూడా మ్యూజియం వాళ్ళు కాగితాలతో సహా ఇంటికే పంపుతున్నారు.

“తుప్పంతా తీసెయ్యకూడదు తెలుసా? ఎర్ర తుప్పు తినేది, నల్ల తుప్పు కాసేది. ఎర్రదాన్నే గీకాలి.”

“నల్లది మాగ్నటైట్ అండీ,” అంది తల్లి ఉత్సాహంగా. “ఇనుమునీ, గాలినీ కలవనివ్వదు.”

“ఓహో, దానికి పేరు కూడా ఉందా! నలభై ఏళ్ళ స్నేహం, ఇంతవరకూ పేరు అడగనే లేదు.”

ఆ సాయంత్రమే పైకెళ్ళి ఓనరుకు ఫోన్ చేసింది, ఉత్తరం వెనక్కి తీసుకుంటున్నానని. “రాసేశారుగా,” అన్నాడాయన. “ఇప్పుడు చూడకపోతే రేపు ఏదన్నా అయితే నా మెడకే చుట్టుకుంటుంది. ఆదివారం వస్తున్నా.”

ఆదివారం పదింటికి వచ్చాడు, చేతిలో ఆ ఉత్తరం మడతతోనే. అంతకుముందురోజే మ్యూజియం నుంచి పదమూడో తుపాకీ దిగింది. దాని మెడలో ఎర్ర సిరాతో చీటీ: ఖాళీ, తనిఖీ చేయబడినది. తుప్పమ్మ చీటీ వంక చూడనైనా చూడకుండా, తుపాకీ మూతిని ఇసుక బస్తా వైపు తిప్పి పెట్టి, పక్కకు నిలబడి పుల్ల దించుతోంది. తల్లి కిటికీ దగ్గర. ఓనరు గుమ్మంలో.

గీత గీసింది. తీసింది. గొట్టం మీద పడుకోబెట్టింది.

పుల్ల కొస కన్నందాకా రాలేదు. నాలుగు వేళ్ళ వెడల్పు ముందే ఆగిపోయింది.

మళ్ళీ కొలిచింది. మళ్ళీ నాలుగు వేళ్ళే.

“అమ్మాయ్,” అంది తుప్పమ్మ, టీ పెట్టమన్నంత మామూలుగా. “పాపని తీసుకుని మీ ఆయన్ని వీధి చివరికెళ్ళి కూర్చోమను. ఓనరుగారూ, మీరూ కాస్త బయట నిలబడండి.”

“చూశారా! నేననలేదూ!” ఓనరు గొంతు కీచుమంది. “ఈవిడ ఉత్తరం రాయబట్టి సరిపోయింది!”

తల్లి తల వాలిపోయింది. తుప్పమ్మ ఒక్క క్షణం ఆ కాగితం వంక, ఒక్క క్షణం ఆమె వంక చూసింది.

“నువ్వేనా రాసింది? మంచిదే. ఇవాళ్టి తుపాకీ విషయంలో నీ భయం కరెక్టు. సరే, ముందు మీ వాళ్ళని పంపు.”

పంపి వెనక్కి వచ్చింది. ఎందుకొచ్చిందో అప్పుడు ఆమెకూ తెలీదు. వారమంతా “ఒకవేళ” అన్న మాట గుండెలో బండలా ఉంది. ఇప్పుడు దానికి ఒక కొలత వచ్చింది. నాలుగు వేళ్ళు.

మ్యూజియం ఆయుధ నిపుణుడు ఫోన్లో దొరికాడు. వస్తున్నాను, ఒక గంట, ఏం కదిలించొద్దన్నాడు.

“గంటసేపు ఆ మందు పొడిగా ఎందుకుండాలి?” అంది తల్లి ఉన్నట్టుండి. “తుపాకీ మందులో సురేకారం ఉంటుంది కదండీ. నీళ్ళలో కరిగిపోతుంది. అది కరిగితే మిగిలేది బొగ్గూ, గంధకమే. కన్నంలోంచి నీళ్ళు పోస్తే?”

“గొట్టం తుప్పు పడుతుందే!” తుప్పమ్మ మొహంలో మొదటిసారి కంగారు కనపడింది.

“తీసేవాళ్ళున్నారుగా పిన్నిగారూ.”

ఆ గదిలో ఆ నిమిషంలో తుప్పమ్మ పకపకా నవ్వింది. నిపుణుణ్ణి అడిగితే సరే, కదిలించకుండా మెల్లగా పొయ్యమన్నాడు. పాపకు మందు పట్టే చిన్న సిరంజి పైనుంచి తెచ్చింది తల్లి. తుప్పమ్మ తనే, పక్కనుంచి, చుక్కచుక్కగా పోసింది. నిపుణుడు వచ్చి తుపాకీని తీసుకెళ్ళాడు. మర్నాడు కబురు చేశాడు: ఒక సీసపు గుండు, పాప ఆడుకునే గోళీ అంత. దాని వెనక గుప్పెడు నల్లటి బురద. గుండుని ఆనుకుని మాత్రం చెంచాడు మందు ఇంకా పొడిగానే ఉందట.

సంగతి కనుక్కోడానికి మళ్ళీ వచ్చిన ఓనరు ఆ చెంచాడు మాట విని మెట్ల మీద కూర్చుండిపోయాడు. “ఇక కుదరదు. గది ఖాళీ చెయ్యాల్సిందే.”

తుప్పమ్మ బల్ల మీది కుంచెలు తుడిచి ఒక్కొక్కటే డబ్బాలో పెట్టడం మొదలుపెట్టింది. ఆ చప్పుడుకి తల్లి ఉండబట్టలేకపోయింది.

“ఓనరుగారూ, ఉత్తరం రాసింది నేను. భయపడింది నేను. వినండి. ఆ చీటీ మీద ఖాళీ అని రాసుంది. పెద్ద ఆఫీసు చీటీ, తేదీతో, సిరాతో. దాన్ని నమ్మనిది ఈవిడొక్కతే. ఈవిడ లేకపోతే అది ఇంకో పదేళ్ళు ఏదో గోడ మీద ఉండేది, కింద నుంచి బడి పిల్లలు వరసగా నడిచేవాళ్ళు. తప్పు ఈ గదిది కాదు, వరసది. కొలిచాక ఇంటికి రావాలి, ఇంటికొచ్చాక కొలవడం కాదు.”

“అంటే?”

“ముందు మ్యూజియం వెనక ఖాళీ స్థలంలో ఈవిడే వెళ్ళి కొలవాలి. రెండు అంకెలూ కలిసినవే ఇక్కడికి రావాలి. గదికి తాళం. నకలు అట్ట ఒకటి మెట్ల దగ్గర. మీరు ఎప్పుడొచ్చినా చదువుకోవచ్చు.”

ఓనరు గడ్డం గోక్కున్నాడు. “నాకు చదవడం వచ్చుగానీ, ఆ పుల్ల ఎలా వెయ్యాలో కూడా చూపిస్తారా?” అని తుప్పమ్మనడిగాడు. ఆవిడ కుంచెల డబ్బా మూత తీసి, ఒక్కొక్కటే మళ్ళీ బల్ల మీద పెట్టింది.

ఇప్పుడు నెలకు రెండు గురువారాలు మ్యూజియం వాళ్ళు బండి పంపుతారు. తుప్పమ్మ పుల్ల పట్టుకుని వెళ్తుంది. అక్కడి కుర్రాళ్ళు నలుగురికి కొలవడం నేర్పుతోంది. ఎర్ర సిరా చీటీలు మానేసి, రెండు అంకెల అట్టముక్కలు వాడుతున్నారు. ఆ నీళ్ళు పోసిన తుపాకీ తిరిగొచ్చింది, ఒంటినిండా ఎర్ర తుప్పుతో. “ఇది నీ పుణ్యమే,” అంటూ గీకుడు ముక్క ఒకటి తల్లి చేతిలో పెట్టింది. శనివారాలు ఇద్దరూ కలిసి గీకుతున్నారు. గడప బయట ముక్కాలి పీట మీద పాప, గుర్రం ఎప్పుడు దూకుతుందా అని.

మొన్న పాపకు ఒళ్ళు వెచ్చబడింది. పాత అలవాటు ప్రకారం తల్లి నుదుటి మీద పదిసార్లు చెయ్యి వేసి, ఒకవేళ, ఒకవేళ, అంటూ గది ఈ మూల నుంచి ఆ మూలకి తిరిగింది. తర్వాత ఆగి, థర్మామీటరు తీసింది. తొంభై తొమ్మిదిన్నర. అట్టముక్క మీద టైముతో సహా రాసింది. గంట తర్వాత మళ్ళీ చూసి రాసింది. తొంభై తొమ్మిది. భర్త ఆ అట్ట చూసి, “పన్నెండోసారి అడగలేదేం?” అన్నాడు.

ఆమె అట్టను పాప మంచం కోడుకు తగిలించింది. తుపాకీ వెళ్ళిపోయిన ఆ ఆదివారం, పుల్ల మీది సుద్దగీత తుడుస్తూ తుప్పమ్మ అన్న మాట చెవిలో ఉంది.

“భయపడొద్దని నీకు నేను చెప్పనమ్మాయ్, తల్లివి. పుల్ల వేసి చూసుకో. ఉన్నంతకే భయపడు.”