పురుగులింటి కౌసర్

కౌసర్ పుట్టింది హిందూపురంలో, రెండు చేతులు చాపితే రెండు గోడలు తగిలే సందులో. కాపురానికి వచ్చింది పరిగి పక్కన ఓ పల్లెకు, అడుగు బయటపెడితే ఆకాశం మీద పడే ఇంటికి. పదహారేళ్ళయినా ఈ రెంటి మధ్య పంచాయితీ ఆమెకు తెగలేదు. పల్లెలో ఉన్నన్నాళ్ళూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంది. పుట్టింటికి పోతే మూడో రోజుకే "ఏం నీళ్ళమ్మా ఇవి, నోట్లో పెట్టుకునేకి లేవు" అని సణుగుతుంది. దూరపు కొండలు నునుపని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రెండు కొండలనూ దగ్గరగా చూసిన మనిషి.

పల్లెలో సుఖం లేదని ఆమె ఏనాడూ అనలేదు. పొయ్యి వెలిగించాక కూడా తీరిగ్గా పెరట్లోకి పోయి వంకాయలు కోసుకురావచ్చు. తలుపుకు గడియ పెట్టే పని లేదు. అయితే గడియ లేని తలుపులోంచి ఎవరైనా ఎప్పుడైనా వస్తారు, ఏం వండావని గిన్నె మీద మూత తీసి మరీ చూస్తారు. మొగుడు బండి తీసుకుపోయిన వేళ కూతురు ఆలియాకు ఒళ్ళు కాలితే బస్సు కోసం గంటసేపు రోడ్డు మీద నిలబడాలి. అన్నిటికన్నా పెద్ద బాధ కుట్టుమిషనుది. జాకెట్ల మీద మగ్గం వర్కు నేర్చిన చెయ్యి ఆమెది. ఆ చేతికి పల్లెలో దొరికేది చీరలకు ఫాల్ కుట్టడం, చిరిగిన లంగాలు అతకడం. హిందూపురంలో చిన్న అంగడి పెట్టాలని, దాని బోర్డు ఏ రంగులో ఉండాలో కూడా ఎప్పుడో ఖాయం చేసుకుంది.

భర్త ఫిరోజ్‌కు పట్టుపురుగులంటే ప్రాణం. ఎకరన్నర మల్బరీ తోట, ఇంటి వెనక రేకుల షెడ్డు అతని లోకం. ఆ లోకంలో మూడు పంటలు వరసగా పోయాయి. ఒకటి ఎండకు, ఒకటి రోగానికి, మూడోది ఎందుకు పోయిందో దేవుడికే తెలియాలి. మూడోసారి చచ్చిన పురుగులను గుంట తీసి పూడ్చిన రోజు ఫిరోజ్ పెళ్ళాం మొహం చూడకుండా అన్నాడు.

"ఇంగొక్క పంట చూస్తా. ఇది గూడ పోతే షెడ్డు ఇప్పేసి టౌనుకు పోదాం. నువ్వు అంగడి పెట్టుకో, నేను ఏదో ఒకటి చూసుకుంటా. పంట నిలబడిందనుకో, మళ్ళా టౌను మాట ఎత్తొద్దు."

కౌసర్ సరేనంది. అన్నాక గాని అందులోని చిక్కు అర్థం కాలేదు. పురుగులకు మేలు కోరాలా, కీడు కోరాలా? నమాజు చేసి దువాకు చేతులెత్తినప్పుడు అన్నీ అడిగేది, ఆ ఒక్కచోట మాత్రం నోరు కట్టేసుకునేది.

ఈసారి పురుగులు ఏ ఘడియలో ఇల్లు చేరాయో, ఒక్కటీ తల వాల్చలేదు. పట్టుపురుగు పొర విడిచే ముందు మేత మానేసి పడుకుంటుంది. దాన్ని అక్కడివాళ్ళు జ్వరమంటారు. చివరిదైన నాలుగో జ్వరం కూడా దాటాయి. ఇంకో రెండు రోజులు కడుపునిండా తింటే గూడు కట్టడమే తరువాయి. సరిగ్గా అప్పుడే ధర్మవరంలో ఫిరోజ్ అక్క మామగారు పోయిన నలభయ్యో రోజు ఫాతెహా వచ్చిపడింది. పోకుంటే నలుగురిలో మాటొస్తుంది. రేపు మధ్యాహ్నానికి వచ్చేస్తానని, తల్లికి పురుగులను అప్పజెప్పి, మొదటి బస్సెక్కాడు.

అతను పోయిన గంటకు పక్క చేను నరసప్ప వచ్చాడు.

పురుగులు మేపే ఊళ్ళలో ఒక కట్టుబాటుంది. పక్క చేలో మందు కొట్టేవాడు ముందురోజే పురుగులింటికి వచ్చి నోటితో చెప్పిపోవాలి. గాలికి ఆ మందు మల్బరీ ఆకు మీద పడితే, అది తిన్న పురుగు పూట తిరక్కుండా చస్తుంది. ముందే తెలిస్తే కావలసిన ఆకు కోసి తడి గోనెపట్టల కింద దాచుకుంటారు. చెప్పినవాడి బాధ్యత చెప్పడంతో తీరిపోతుంది. ఆపైన ఏం జరిగినా విన్నవాళ్ళదే.

"ఏమ్మా కౌసర్, ఫిరోజ్ యాడ?"

"ధర్మవరం పోయినాడన్నా."

"అందుకే ఫోన్ ఎత్తలేదు. రేప్పొద్దున్నే టమోటాకు మందు కొడ్తాండా. ఆకుముడత వచ్చేసె, ఇంగ ఆగేకి లేదు. ఆకు కోసి పెట్టుకోండి. మీ అత్తకు చెప్పు."

"చెప్తాలే అన్నా."

అత్త మున్నీబీ ఇరవై అడుగుల దూరంలో షెడ్డులోనే ఉంది. కౌసర్ చెప్పలేదు.

కావాలనే చెప్పలేదా అంటే, మొదట అదీ కాదు. చేతిలో బిందె ఉంది, దించి చెబుదామనుకుంది. బిందె దించాక వాకిలి ఊడవాలనిపించింది. వాకిలయ్యాక బట్టలు. అలా ఒక్కో పనినీ అడ్డం పెట్టుకుంటూ పోయేసరికి, తను ఏం చేస్తోందో తనకే తెలిసిపోయింది. రేపు అడిగితే మరిచిపోయానంటే చాలు. 'టౌను పిల్ల, దానికేం తెల్సు' అనే మాట పదహారేళ్ళుగా ఊరు నోటిమీదే ఉంది. అంత చక్కని సాకు ఊరే కుట్టి ఇస్తే తొడుక్కోవడానికేం?

మామూలుగా ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. ఆ రోజు పొద్దున ఏడు నుంచి సాయంత్రం నాలుగు దాకా నానింది. మిషను ముందు కూర్చుని జాకెట్టుకు చెయ్యి తిరగేసి కుట్టింది, విప్పింది, మళ్ళీ తిరగేసే కుట్టింది. గుండెల్లో భయం ఉంది, నిజమే. దాని పక్కనే సిగ్గులేకుండా సంతోషమూ ఉంది. అంగడి షట్టరు ఎత్తుతున్నట్టు కూడా ఊహించుకుంది.

నాలుగింటికి మేత వేయడానికి షెడ్డులోకి పోయింది. మున్నీబీ మోకాళ్ళ నొప్పులతో ముక్కాలి పీట మీద కూర్చుని కొమ్మలు అందిస్తోంది. "తినండి నాయనా, ఇంగ రెండు దినాలే" అని పురుగులను బతిమాలుతోంది. కింద ఒక పురుగు పడి ఉంటే కౌసర్ వంగి, వేళ్ళతో మెల్లగా తీసి, ఆకు మీద పెట్టింది. పెట్టాక గాని తెలియలేదు. రేపు చచ్చేదాన్ని ఇవాళ ఎత్తి పెట్టడమేమిటి? తన చేతి మీద తనకే ఒళ్ళు మండింది. ఏడుపొచ్చింది.

"అత్తా, నరసప్పన్న రేప్పొద్దున మందు కొడ్తాడంట."

"ఎప్పుడు చెప్పినాడు?"

"ఇందాక."

మున్నీబీ పీట మీంచి లేచింది. కొడవళ్ళు తీసింది. రెండు రోజుల మేత, చీకటిపడేలోపు కోయాలి. కౌసర్ పరుగున పోయి నరసప్ప భార్య ఉలిగమ్మను, మరో ఇద్దరు ఆడవాళ్ళను పిలుచుకొచ్చింది. ఎవరో తరుముతున్నట్టు కోసింది. అరచేతుల్లో బొబ్బలు లేచి చితికినా ఆగలేదు. కొమ్మలు కట్ట కడుతూ ఉలిగమ్మ అంది.

"మా ఇంటాయన పొద్దున్నే చెప్పొచ్చినాడంట గదమ్మా. ఇంతసేపు ఏం జేస్తాంటిరి?"

కౌసర్ కొడవలి ఆగిపోయింది. మున్నీబీ నడుము పట్టుకుని మెల్లగా లేచింది. కోడలి మొహంలోకి ఒక్కసారి చూసింది.

"దానికి ఒంట్లో బాగలేక పండుకోనుండె లే," అంది. మళ్ళీ వంగి కట్ట బిగించింది.

మూడో రోజుకు పురుగులు పండి గూడు కట్టే దశకొచ్చాయి. అవి గూడు అల్లుకునే వెదురు తడకలు, చంద్రికల మీదికి ఎక్కించారు. గూళ్ళు తెల్లగా, గట్టిగా వచ్చాయి. వాటిని హిందూపురం మార్కెట్టులో అమ్మి ఫిరోజ్ మిఠాయి పొట్లంతో ఇంటికొచ్చాడు. చాలా ఏళ్ళకు అతని మొహంలో నవ్వు కనిపించింది.

"చూసినావా, ఈ ఊరు మనల్ని ఇడిసిపెట్టదు. మాట ప్రకారం ఇంగ టౌను లేదు. రేపే కొత్త పురుగులకు చెప్పొస్తా."

కౌసర్ మిఠాయి ముట్టలేదు. నరసప్ప వచ్చిన రోజు ఏడు నుంచి నాలుగు దాకా జరిగింది జరిగినట్టు చెప్పింది. గడపలో బియ్యం ఏరుతున్న మున్నీబీ తల ఎత్తలేదు. ఫిరోజ్ నవ్వు ఎటు పోయిందో పోయింది.

"పంట నిలబడినాక ఇది నాకెందుకు చెప్తాండావు?" అన్నాడు.

"పురుగులు చచ్చింటే నువ్వు నాతో వచ్చేటోడివే, ఏడ్చుకుంటా. పంట పోయింది గాబట్టి వచ్చినా అని జీవితమంతా అనేటోడివి. అట్ల నాకొద్దు. ఇప్పుడు పంట నిలబడింది, నిలబెట్టింది గూడ నేనే. ఇప్పుడు అడుగుతాండా. నాకు అంగడి కావాల."

ఫిరోజ్ తల్లి వైపు చూశాడు.

"నా మొహం చూస్తావేమిరా, అడిగింది నిన్ను," అంది మున్నీబీ.

మరుసటి రోజు అతను కొత్త పురుగులకు చెప్పడానికి పోలేదు. మూడు రోజులు ఇద్దరితోనూ మాట్లాడలేదు. నాలుగో రోజు పొద్దున బండి బయటికి తీసి, "ఆ అంగడి యాడ పెడ్తావో చూపించు" అన్నాడు.

కౌసర్ వెనక కూర్చుంది. ఊరు దాటుతున్నప్పుడు గెలిచినట్టు ఉంటుందనుకుంది. ఉండలేదు. వచ్చే పంటకు ఆకు ఎవరు కోస్తారు, అత్త మోకాళ్ళతో ఎట్లా చేస్తుంది అని మనసు అప్పుడే వెనక్కి పరుగెత్తింది. హిందూపురం ఇళ్ళు కనబడగానే ఫిరోజ్ బండి నెమ్మది చేశాడు. అప్పుడు తల తిప్పకుండా అడిగాడు.

"ఆ పొద్దు నాలుగింటికి గూడ నువ్వు చెప్పకుండా ఉండింటే, పంట చచ్చింటే, ఎప్పుడన్నా నాకు నిజం చెప్పేదానివా?"

కౌసర్ ఆలోచించింది. అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. చెప్పబుద్ధి కాలేదు.

"లేదు," అంది.

ఫిరోజ్ బండి ఆపలేదు.