జవాబుల అడుగున ఉన్న భయం

ఆఫీసులో అందరూ చిన్నక్క అని పిలిచే ఆవిడకు లెక్కలంటే చిన్నప్పటినుంచీ గుండెల్లో రాయి పడేది. ఇంటింటికీ తిరిగి సర్వే ప్రశ్నలు అడగడమే ఆమె పని. కొత్త డైరెక్టర్ వచ్చి, "సర్వే జవాబుల విశ్లేషణ రానివాళ్లు వేరే దారి చూసుకోవచ్చు" అన్నాడు. దాంతో నడివయసులో శిక్షణ తరగతిలో వెనక బెంచీ ఎక్కింది.

"భయాన్ని త్రాసులో వెయ్యలేం కదా," అంది పాఠం చెప్పే మేడమ్. "నిద్ర పడుతోందా, ఆకలేస్తోందా, పైవాళ్లంటే దడగా ఉందా అని అడుగుతాం. ఆ జవాబులు కలిసి పెరుగుతూ తగ్గుతూ ఉంటే, వాటి వెనక కనబడనిదేదో ఉన్నట్టు. అదే గుప్త చలరాశి."

అవే ప్రశ్నలు తరగతిలో ఉన్నవాళ్లకీ పంచింది. "పైఅధికారి అంటే భయమా?" దగ్గర చిన్నక్క పెన్ను ఆగింది. అప్పుడే డైరెక్టర్ వచ్చి వెనక నిలబడ్డాడు. "అస్సలు లేదు" దగ్గర టిక్కు పెట్టేసింది.

నానా తంటాలు పడి నేర్చుకున్నాక, కుట్టు ఫ్యాక్టరీ కార్మికుల సర్వే ఆమె చేతికొచ్చింది. నిద్ర, ఆకలి ప్రశ్నలు కలిసే కదిలాయి. సూపర్‌వైజరంటే భయమా అన్న ప్రశ్న మాత్రం దేనితోనూ కలవలేదు. అందరూ భయం లేదనే అన్నారు.

"ఆ ప్రశ్న తీసేసి, సూపర్‌వైజర్లంటే భయం లేదని రాసెయ్యండి," అన్నాడు డైరెక్టర్.

చిన్నక్క సర్వేకి వెళ్లొచ్చిన అమ్మాయిని అడిగింది. "వాళ్లు జవాబులు చెప్తుంటే పక్కనెవరున్నారే?"

"సూపర్‌వైజరే అక్కా. కుర్చీ వేసుక్కూర్చుని కదిలితే ఒట్టు."

చిన్నక్క డైరెక్టర్ గది దాకా వెళ్లి, ఓసారి వెనక్కి తిరిగి, మళ్లీ వచ్చి తలుపు తోసింది. "సార్, భయం లేక కాదు. భయపడే అలా చెప్పారు."

"మీకెలా తెలుసు?"

"క్లాసులో మీరు వెనక నిలబడ్డప్పుడు... నేనూ అలాగే రాశాను సార్."

ఆయన సర్వే కాగితాలు ఆమె వైపు జరిపాడు. "ఇళ్లకెళ్లి మళ్లీ అడగండి. తేడా రాకపోతే మాత్రం..." అని ఊరుకున్నాడు. ఆ మిగిలిన మాటే ఆమెకు నిద్ర పట్టనివ్వలేదు.

మొదటి ఇంట్లో కుట్టుపని చేసే ఆవిడ తలుపు గడియ వేసి, కిటికీ మూసింది. "మీరు రావడం ఎవరైనా చూశారామ్మా?" అని గుసగుసగా అడిగాకే నోరు విప్పింది. మిగతా ఇళ్లూ తిరిగాక చూస్తే, ఈసారి సూపర్‌వైజర్ ప్రశ్నతో సహా జవాబులన్నీ కలిసి కదిలాయి. భయం ఉందనే రిపోర్టు వెళ్లింది. ఫ్యాక్టరీవాళ్లు ఫోన్ చేసి జవాబులు చెప్పినవాళ్ల పేర్లు అడిగారు. డైరెక్టర్ ఇవ్వనన్నాడు. అయినా చిన్నక్కకు భయం తీరలేదు.

కొన్నాళ్లకు బస్టాపులో ఆ కుట్టుపని ఆవిడ ఎదురైంది. ఆమె పక్కనే, మెడలో ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ కార్డుతో ఒకాయన. చిన్నక్క చూపు తిప్పుకుంది. ఆవిడా తిప్పుకుంది. బస్సు వచ్చేదాకా ఇద్దరూ ముక్కూమొహం తెలియనివాళ్లలా నిలబడ్డారు.