చెరుకాకు రంగు కోక

చోడవరంలో నాకో చిన్న ఫ్లెక్సీల షాపుంది. పెళ్ళి ఫ్లెక్సీ అయినా, సంతాపం ఫ్లెక్సీ అయినా అందరికీ అర్జెంటే. "అక్కా, అయిపోయిందా?" అని నెత్తిమీద నిలబడితే నాకు ఒళ్ళు మండిపోద్ది. "నీ ఎదురుగానే కదా చేస్తన్నాను, కనబడతం లేదా?" అని కసిరేస్తాను.

ఆరోజు వచ్చినతన్ని మాత్రం కసరలేకపోయేను. బుచ్చయ్యపేట వైపు రైతు. ముందురోజు పొద్దున్న వాళ్ళమ్మ ఇంట్లోంచి వెళ్ళి తిరిగి రాలేదు. కొంతకాలంగా ఆవిడకి మతిమరుపు. 'కనబడుటలేదు' అని ఫ్లెక్సీ కావాలన్నాడు. కళ్ళు పీక్కుపోయి ఉన్నాయి. బస్టాండు, ఆస్పత్రి, చుట్టాలిళ్ళు అన్నీ అయిపోయేయట.

"మరి మీ పొలం?"

"నిన్నంతా ఊరోళ్ళం సెరుకుతోటలోనే తిరిగేం అక్కా. సాలు సాలూ ఎతికేం. ఆకుపచ్చ కోక కట్టుకుందని అందరికీ సెప్పేను. ఎక్కడా లేదు."

ఫోనులో ఫోటో చూపించేడు. ఆవిడ ఆ కోకలోనే, ఏపుగా ఎదిగిన చెరుకు ముందు చేతులు కట్టుకుని నవ్వుతోంది.

వెనకున్న చెరుకు తీసేసి పసుపురంగు మీద పెడితే మనిషి దూరానికి కూడా కనబడుతుందన్నాను. చుట్టూ గీత గీసుకుంటూ కూర్చునే ఓపిక నాకు లేదు. రంగుని బట్టి ఏరుకునే పద్ధతొకటి ఉంది. ఆకు మీద ఓ క్లిక్కు కొడితే, ఫోటోలో ఆ రంగున్న చోటల్లా కంప్యూటరే పట్టుకుంటుంది. పట్టుకున్నదాని చుట్టూ సన్న చుక్కలు చీమల బారులా కదుల్తాయి. క్లిక్కు కొట్టేను. ముదురాకూ లేతాకూ కూడా రావాలని పట్టుకునే రంగుల హద్దు ఇంకాస్త పెంచి, డిలీట్ నొక్కేసేను.

చెరుకు పోయింది. ఆవిడా పోయింది.

తెరమీద, బొమ్మ చెరిగిపోయిన చోట కనబడే బూడిదరంగు గళ్ళు మిగిలేయి. వాటి మధ్య ఓ మొహం. దానికింద, ఒకదాని మీదొకటి వేసుకున్న రెండు చేతులు. మెడకీ చేతులకీ మధ్య ఏమీ లేదు. మొహం నవ్వుతూనే ఉంది. అమ్మ బాబోయ్!

అతను కుర్చీలోంచి లేచిపోయేడు. "అలా సేసీసేవేటక్కా! మా అమ్మేదీ?"

"ఏం కాలేదు బాబూ, ఉండు" అని చేసింది వెనక్కి తీసుకున్నాను. ఆవిడ మళ్ళీ వచ్చింది. కానీ ఈసారి ఎంత చూసినా కోక ఎక్కడ అయిపోయిందో, ఆకు ఎక్కడ మొదలయిందో నాకే తెలియలేదు.

"బాబూ, నిన్న తోటలో మీరందరూ దేనికోసం చూసేరు?"

"కోక కోసం" అన్నాడు. అనేసి, తెరమీద ఆ కోకకేసీ వెనకున్న ఆకుకేసీ మార్చి మార్చి చూసేడు.

షట్టరు దించేసి అతని బండెక్కేను. ఆ మొహాన్ని అలా వదిలేసి ఇంకెవరిదో పెళ్ళి ఫ్లెక్సీ చేసుకోవడం నావల్ల కాలేదు.

తోటలో గాలి లేదు. అయినా ఎక్కడో ఓచోట ఆకు గరగరమంటూనే ఉంది. వచ్చిన ఊరివాళ్ళతో, "కోక మాట మర్చిపోండి. వంగి మొహం కోసం చూడండి" అన్నాను. అందరం వంగి, ఒక్కొక్క సాల్లో ఒక్కొక్కరం నడిచేం. ప్రతి దుబ్బు వెనకనుంచీ ఎవరో నన్నే చూస్తన్నట్టుంది. నిజం చెప్తన్నాను, భయంతో చచ్చేను.

నేనే ముందు చూసేను. చెయ్యి చాపితే తగిలేంత దగ్గర్లో, చెరుకు మొదళ్ళకి ఆనుకుని కూర్చునుంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, రెప్ప పడలేదు. కెవ్వుమన్నాను. అప్పుడు రెప్ప వేసింది.

కొడుకు పరిగెత్తుకొచ్చి, ఒళ్ళో పడుకోబెట్టుకుని, గుక్కగుక్కగా నీళ్ళు పట్టేడు. ఏడుస్తూనే తిట్టేడు. "అన్నిసార్లు పిలిస్తే పలకవేటే అమ్మా? నిన్న ఇటునుంచే కదా తిరిగేం!"

ఆవిడ అతని మొహం తడిమింది. గొంతు పీలగా వచ్చింది.

"పలికేన్రా. నా పక్కనుంచే ఎల్లేవు. సెయ్యి కూడా ఊపేను. నువ్వు నాకేసి సూసి కూడా ఎల్లిపోతే, నాను సచ్చిపోయేను కాబోలనుకున్నాను. మరింక పిలవడం మానీసేను."