నిఘంటువులో చివరి మాట

టర్కీ సైన్యంతో యుద్ధంలో మోకాట్లో తుపాకిగుండు దిగినప్పటి నుంచి స్ట్రాలెన్ దొర కుంటుతూనే నడిచేవాడు. రోజూ పొద్దున్నే పొయ్యి పక్కన కాలు చాపుకుని, ఈకకలం చేతపట్టుకుని, లివోనియా దేశంలోని తన రైతుల భాషకు తన భాషలో నిఘంటువు రాసేవాడు. మనుషులంతా ఒకటేనని పారిస్ పండితులకు ఉత్తరాలు రాసేవాడు. తన రైతుల మీద లేచే కొరడా సంగతి మాత్రం దివానుకు వదిలేశాడు. ఏడేళ్ల పని ముగింపుకొచ్చిన రోజున, కిటికీ అవతల పాలు పితికే ఆమె పశువుల కాపరిని అదిలించడం వినపడింది.

"ఆవు చేలో పడిందంటే నీ వీపు మీద త్రాలి పడుద్ది, చూసుకో."

కొత్త మాట దొరికిందని దొర మొహం వెలిగింది. "దార్తా, త్రాలి అంటే ఏంటే?"

రొట్టెపిండి పిసుకుతున్న వంటమనిషి దార్తా చేతులు ఆగాయి. "కొరడా దెబ్బ దొరా. మీకెప్పుడూ పడలేదుగా, ఎట్లా తెలుస్తుంది."

"ఎక్కణ్ణించి వచ్చింది ఆ మాట?"

"మీ తాతగారు మమ్మల్ని కొరడాతో కొట్టించిన కాలం నుంచి ఉంది. మీ ఇంటిపేరే దొరా. స్ట్రాలెన్ అనడానికి మాకు నోరు తిరక్క త్రాలి అయింది."

దొర చెవులు వేడెక్కాయి. తర్వాత ఆ మాట రాశాడు, ఎదురుగా అర్థమూ రాశాడు. చివరికి మొదటి పుట తీసి, గ్రంథకర్త పేరు రాయాల్సిన చోట కలం ఆపేశాడు. ఆ పేరుకు అర్థం లోపల రాసే ఉంది.