హ్యాండిల్‌కు కట్టని పాత సామాను

బ్రహ్మం మీద నాకింకా కోపం తగ్గలేదు, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. మా పక్కింటి ఆంజనేయులు మామ గురించి చెప్పాలంటే ఆ పేరు ఎత్తక తప్పదు.

మామది బేస్తవారిపేట దగ్గర మా ఊరే. వాన పడితే పండే కాస్త చేను, ఒక పాడి బర్రె. ఊళ్ళో అందరూ బండ్ల మీద తిరుగుతున్న ఈ రోజుల్లో మామ మాత్రం సైకిల్ మీదే పేటకు పోయి టీ కొట్లకు పాలు పోసేవాడు. బండి కొనుక్కోమంటే, "దాని మీద కూర్చుంటే పని చేసినట్లే ఉండదు" అని నవ్వేవాడు. ఊరి బయట ఒక మిట్ట ఉంది. "అది ఎక్కలేని రోజు బర్రెను అమ్మేస్తా" అంటుండేవాడు. శ్యామలమ్మ అత్తకు ఆ బర్రె అంటే ప్రాణం. ఆ మాట అన్నప్పుడల్లా ఈయనకు చీవాట్లు పడేవి.

రోడ్డు మలుపులో సైకిల్ షాపు బ్రహ్మానిది. ఆ రేకుల షెడ్డుకు తన చేని అంచున చోటిచ్చింది మామే. కులాలు వేరైనా ఇద్దరూ వరస కలుపుకుని బావా అంటే బావా అనుకునేవాళ్ళు. ఆ షాపులో ఒక పద్ధతి ఉంది. కొత్త సామాను ఏది వేసినా, విప్పిన పాతదాన్ని తీగతో హ్యాండిల్‌కు కట్టి పంపుతాడు. మార్చానని చెప్పడానికి అదే సాక్ష్యం.

పోయిన ఎండాకాలం సైకిల్ చైన్ సాగిపోయింది. వెనక చక్రానికి చైన్ పట్టే ఫ్రీవీల్ పళ్ళు అరిగి సూదుల్లా తేలాయి. మామ మార్కాపురం పోయి రెండూ మేలురకానివి తెచ్చి బ్రహ్మం చేతికిచ్చాడు. సాయంత్రం సైకిల్ ఇంటికొచ్చేసరికి ఫ్రీవీల్ నిండా దట్టంగా గ్రీజు పూసి ఉంది. హ్యాండిల్‌కు మాత్రం ఏమీ కట్టి లేదు.

"పాతవి అడగలేదా?" అంది అత్త.

"బావను ఎట్ల అడుగుతానే? నిన్ను నమ్మనని చెప్పినట్లు కాదా?"

మర్నాడు మిట్ట మీద గట్టిగా తొక్కగానే చైన్ జారింది. మామ పడ్డాడు, పాల క్యాను బోర్లా పడింది. బ్రహ్మం దగ్గరికి పోతే అతను సైకిల్ వైపు చూడనైనా చూడలేదు.

"సామాను కొత్తది బావా, దాంట్లో ఏముంటాది? నీ కాళ్ళల్లోనే పస తగ్గింది. అదిరిచ్చి తొక్కుతున్నావు, అందుకే చైన్ ఎగురుతా ఉంది."

మామ ఆ మాట నమ్మాడు. నాకు కడుపు మండేది అక్కడే. బావను అనుమానించలేదు, తన కాళ్ళను అనుమానించాడు. కొన్నాళ్ళు మిట్ట పొడుగునా సైకిల్ తోసుకుంటూ నడిచాడు. ఆయన పేట చేరేసరికి టీ కొట్లవాళ్ళు ప్యాకెట్ పాలు కాచుకునేవాళ్ళు. చివరికి దొనకొండ వైపు వాళ్ళెవరో వచ్చి బర్రెను ట్రాలీ ఆటోలో ఎక్కించుకుపోయారు. ఆ రోజు అత్త పొయ్యి వెలిగించలేదు.

ఇక సైకిల్‌ను మూలన పెట్టేద్దామని అత్తే డీజిల్ గుడ్డతో తుడిచింది. గ్రీజు పోయాక ఫ్రీవీల్‌కు విరిగిన పన్ను ఒకటి బయటపడింది. అది ఆమెకు బాగా తెలుసు. వెనక కూర్చుని పేటకు పోయేటప్పుడు ఆమె చీర చించింది ఆ పన్నే.

"ఇది మన పాతదే కదయ్యా!" అని ఆమె అరిచిన అరుపు మా ఇంట్లోకి వినపడింది. అరిగిన పళ్ళ మీద కొత్త చైన్ కూర్చోక జారుతుంటే, అన్నాళ్ళూ ఈయన మోకాళ్ళకు తైలం రాసుకున్నాడు.

మామ వెంట నేనూ పోయాను. బ్రహ్మం బుకాయించలేదు.

"వేరేవాళ్ళు తొందరపెట్టినారు, నీ కొత్త ఫ్రీవీల్ వాళ్ళ సైకిల్‌కు వేసినా. వాళ్ళు ఊరుకునేటోళ్ళు కాదు. నువ్వైతే ఏమనుకోవులే అనుకున్నా బావా."

"మరి నా కాళ్ళను ఎందుకన్నావు?"

నేను నోటికొచ్చినట్టు తిట్టాను. మామ సైకిల్ అక్కడే వదిలేసి నడిచి ఇంటికొచ్చాడు.

కొన్నాళ్ళకు బ్రహ్మం తనే కొత్త ఫ్రీవీల్ కొని వేసి, సైకిల్ నడిపించుకుంటూ తెచ్చాడు. ఖాళీ కొట్టం ముందు నిలబెట్టి, "ఇంక మిట్ట ఇట్టే ఎక్కుతావు బావా" అన్నాడు.

మామ హ్యాండిల్ వైపు చూశాడు.

"పాత సామాను ఏదీ, బ్రహ్మం గారూ?"

కట్టడానికి మొహం చెల్లలేదేమో, బ్రహ్మం దాన్ని జేబులోంచి తీసి ఇచ్చాడు. మామ విరిగిన పన్ను మీద వేలు పెట్టి చూసుకున్నాకే లోపలికి పోయాడు.