స్టీలు డబ్బాలో పెట్టి పోయిన ఊపిరి

ముందే చెప్పేస్తున్నాను, దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఎప్పుడూ లేదు. దయ్యం పట్టిందని తీసుకొచ్చిన వాళ్లను కూర్చోబెట్టి, మాట్లాడించి, మాటలతోనే బాగుచేసి పంపడం నా వృత్తి. నేను క్లినికల్ సైకాలజిస్టును. వేపమండలతో కొట్టించుకుని వచ్చిన ఆడవాళ్ల వీపులు చూసి ఎన్నిసార్లు ఒళ్లు మండిందో! అలాంటిదాన్ని ఇది రాయాల్సి వచ్చిందంటే నాకే సిగ్గుగా ఉంది.

తెలంగాణ రావడానికి కొన్నేళ్ల ముందు సంగతి. అప్పుడు నేను బొగ్గుగనుల్లో పనిచేసేవాళ్ల కుంగుబాటు మీద పరిశోధన చేస్తున్నాను. మాటల చికిత్సతో మనిషి తన భయాన్నీ దుఃఖాన్నీ అదుపులో పెట్టుకోవడం నేర్చుకోగలడా అన్నది నా ప్రశ్న. మా ఇల్లు మంచిర్యాలలో. బంద్ లేని ప్రతిరోజూ బస్సెక్కి, గోదావరి దాటి గోదావరిఖని వెళ్లేదాన్ని. తెలిసిన డాక్టరు గారు తన క్లినిక్ వెనక ఒక గది ఇచ్చారు. ఒక టేబులు, కొన్ని కుర్చీలు, ఒక కిటికీ. మధ్యాహ్నం పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు జరిగితే అద్దాలు గలగలమనేవి.

మా పనిలో మాట్లాడటం కన్నా ఊరుకోవడం కష్టం. ఎదుటి మనిషి ఏడుస్తున్నా, మాట కోసం వెతుక్కుంటున్నా మనం నోరు మెదపకుండా కూర్చోవాలి. ఆ విద్య నాకు బాగా వచ్చని మా ప్రొఫెసరు గారు మెచ్చుకునేవారు. నాకూ అదంటే గర్వంగానే ఉండేది.

ఓదెలును అతని భార్య స్వరూప తీసుకొచ్చింది. అసలు పేర్లు కావులెండి. రామగిరి వైపు మనిషి, భూగర్భ గనిలో కార్మికుడు. అంతకు కొన్ని నెలల ముందు లోపల బండ కూలి, అతనితో జతగా పనిచేసే జోడీ మల్లేశ్ అవతల చిక్కుకుపోయాడు. సాయం వచ్చేదాకా ఓదెలు ఇవతల కూర్చుని, బండల సందులోంచి మల్లేశ్ ఊపిరి వింటూ ఉన్నాడు. జనం చేరేలోపే అది ఆగిపోయింది. అప్పటినుంచి ఆ ఊపిరి తన వెంటే ఉందంటాడు.

“నేను మాట్లాడితె ఆగుతది మేడం. జర సప్పుడు జెయ్యకుంటె మల్ల షురువైతది. గీ ఎడమ దిక్కే.”

ఎలా ఉంటుందో చేసి చూపించాడు. ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని పీల్చినట్టు పొడుగాటి ఊపిరి లోపలికి, మధ్యలో చిన్న వెక్కు, ఆ తర్వాత మెల్లగా బయటికి.

నాకేం ఆశ్చర్యం వేయలేదు. తను బతికి, పక్కవాడు పోతే ఆ జ్ఞాపకం మనిషిని అలాగే తింటుంది. భయపెట్టింది అతని పరిస్థితి. బాయిలోకి, అంటే గనిలోకి, దిగలేకపోతున్నాడు. నాగాలు పెరిగి నౌకరి పోయేలా ఉంది. అప్పటికే ఒకసారి గోదావరి బ్రిడ్జి మీద నుంచి దూకబోతుంటే ఎవరో పట్టుకుని ఇంటికి తెచ్చారు.

“నౌకరి పోతె క్వార్టర్ పోతది, పోనియ్యి మేడం. మనిషే పోతడేమోనని నా ఫికర్. ఇద్దరు ఆడివిల్లలు” అంది స్వరూప.

వారం వారం మాట్లాడాం. ఊపిరి సాధన చేయించాను, తప్పు అతనిది కాదని అతని నోటితోనే అనిపించాను. గింజంత మార్పు లేదు. అప్పుడు ఇంకో పద్ధతికి దిగాను. మోయలేని బాధను ఒక పెట్టెలో పెట్టినట్టు ఊహించుకోమని, దాన్ని మా దగ్గరే వదిలి వెళ్లమని చెబుతాం. చాలామందికి పనిచేస్తుంది. ఓదెలుకు ఊహ కుదరలేదు. సరే, ఊహ ఎందుకని ఇంట్లో పల్లీలు పోసుకునే స్టీలు డబ్బా ఖాళీ చేసి తీసుకెళ్లాను.

“ఆ ఊపిరిని ఇందులో పెట్టు ఓదెలూ. మూత పెట్టి నాకిచ్చి పో. ఇక నువ్వు మొయ్యక్కర్లేదు” అన్నాను.

స్వరూప గబుక్కున లేచింది. “వద్దు మేడం. గిసొంటివి తీసి మూడు బాటల కాడ పెడ్తం గని మనిషి చేతికియ్యం. ఇష్టపడి తీసుకున్నోళ్లకు అంటుకుంటది.”

నాకు నవ్వొచ్చింది. దిష్టి తీసిన నిమ్మకాయలు మూడు దారుల్లో కనపడితే జనం పక్కకు తప్పుకుని నడుస్తారు. నేనైతే చిన్నప్పుడు పందెం కట్టి మరీ తొక్కిన రకం.

“నాకేం అంటుకోదులే. ఇష్టపడే తీసుకుంటున్నా” అని రెండు చేతులూ చాపాను.

ఓదెలు డబ్బా మీదికి వంగి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. మూత బిగించి నా చేతుల్లో పెట్టాడు. పెట్టీ పెట్టగానే భోరుమన్నాడు. “పోయింది మేడం. సప్పుడు పోయింది.”

నిజంగానే పోయింది. ఆ వారమే డ్యూటీకి దిగాడు. తిండి సయించింది, నిద్ర పట్టింది. నా కాళ్లు నేల మీద నిలవలేదంటే నమ్మండి. పరిశోధన చేసేదానికి అంతకన్నా ఏం కావాలి!

తర్వాత కొద్దిరోజులకు డాక్టరు గారు పంపిన ఒక టీచరమ్మ వచ్చింది. ఓదెలు ఎవరో ఆమెకు తెలియదు. గుమ్మం దగ్గరే ఆగి, “లోపట ఎవలో ఉన్నరు గద మేడం, ఆయినె పోయినంక వస్త” అని బయట బెంచీ మీద కూర్చుంది. గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. మసక చూపేమో అనుకుని లోపలికి పిలిచాను.

ఆవిడ కాసేపు మాట్లాడి ఆగిపోయింది. అలవాటు కొద్దీ నేనూ ఊరుకున్నాను. అప్పుడు విన్నాను. ఈవిడకు ఉబ్బసం ఉన్నట్టుందే అనుకున్నాను. ఆవిడ వెళ్లిపోయాక కూడా అది ఉంది. గుడ్డ అడ్డం పెట్టి పీల్చినట్టు లోపలికి, చిన్న వెక్కు, మెల్లగా బయటికి. నా ఎడమ పక్కన. దగ్గాను. ఆగింది.

కారణాలు నాకు తెలియవనుకోకండి. రోజంతా ఒకరి బాధ వింటే అది మనకూ ఎక్కుతుంది, మా వృత్తిలో మామూలే. సెలవు పెట్టాను. రోగులకు నేర్పేవన్నీ నేనే చేశాను. డబ్బా తెరిచి చూస్తే ఖాళీ. కడిగి, మళ్లీ పల్లీలు పోశాను. ఏం చేసినా నోరు మూస్తే చాలు, అది మొదలయ్యేది.

మా అత్తమ్మకు చెవుడు. చెవి దగ్గర అరిస్తే తప్ప ఏదీ వినపడదు. ఒక మధ్యాహ్నం ఇద్దరం మౌనంగా అన్నం తింటున్నాం. ఆమె చెయ్యి ఆపి నా ఎడమ భుజం వైపు చూసింది.

“ఎవలకే గంత ఆయాసం? దవాఖానకన్న తీస్కపోరాదు.”

నేను వింటున్నది నా భ్రమ అనుకోవచ్చు. ఆవిడ విన్నదాన్ని ఏమనుకోను?

వానలు పడ్డాక ఓదెలు మక్క కంకులు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు, భార్యనీ చిన్న కూతురినీ వెంటబెట్టుకుని. ఒళ్లు చేశాడు, మొహంలో కళ వచ్చింది. చిన్నదాని బడి గురించి ఏదో చెబుతున్నాడు. చెప్పడం అయిపోయింది. అది అతనికీ వినపడుతుందేమో చూడాలని, ఉండబట్టలేక నేను మాట్లాడకుండా ఊరుకున్నాను.

అతను నా ఎడమ భుజం వైపు తిరిగాడు.

“మేడం, గది మీ కాడికొచ్చిందా?”

అతను రెండు చేతులూ చాపాడు. “వాపసియ్యుండ్రి. తీస్కో అనుండ్రి, సాలు. వాడు నా జోడిగాడు. నేనే మోస్త.”

గుమ్మంలో స్వరూప పిల్ల చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. ముందే వద్దని చెప్పిన మనిషి. ఇప్పుడు కళ్లనిండా నీళ్లతో, తిరిగి ఇవ్వొద్దన్నట్టు నాకు దండం పెట్టింది, అంతే. నేను ఓదెలు చేతులు చూశాను. మొదట వచ్చినప్పుడు మంచినీళ్ల గ్లాసు కూడా పట్టుకోలేని చేతులు. అవి ఇప్పుడు వణకడం లేదు.

“నీ మొహం! ఏమీ లేదు. ఆ డబ్బాలో ఇప్పుడు పల్లీలున్నాయి, తింటావా?” అన్నాను. వాళ్లు బస్సెక్కేదాకా నోరు మూయకుండా ఏదో ఒకటి వాగుతూనే ఉన్నాను.

పరిశోధన ఎలాగో ముగించాను. అందులో ఓదెలు బాగుపడ్డ మనిషి. నేను మాత్రం ఆ తర్వాత ఎవరికీ చికిత్స చెయ్యలేదు. ఎదుటివాళ్ల ముందు ఊరుకోలేనిదాన్ని, ఆ కుర్చీలో ఎలా కూర్చోను? ఇప్పుడు కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. గంట కొట్టినా మేడం ఆపరని పిల్లలు నవ్వుకుంటారు. ఇంట్లో రేడియో ఆగదు. మా ఆయన నన్ను వసపిట్ట అంటాడు. ఒకప్పుడు నేను ఎంత నెమ్మదస్తురాలినో ఆయన కూడా మరిచిపోయినట్టున్నాడు.

ఈమధ్య ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతోంది. మల్లేశ్‌ది కూడా అలాగే ఎడం పెరిగి పెరిగి ఆగిందని ఓదెలు చెప్పాడు. ఆగితే ఏమవుతుందో నాకు తెలియదు. భయంగా ఉంది.

ఓదెలు ప్రతి దసరాకు ఫోన్ చేస్తాడు. పెద్దదాని పెళ్లయింది, చిన్నది నర్సింగు చదువుతోంది. అన్నీ చెప్పి, చివర్లో కాసేపు ఊరుకుంటాడు. ఎందుకు ఊరుకుంటాడో నాకు తెలుసు, వింటున్నాడు. వెంటనే నేను వానల గురించో, ధరల గురించో అందుకుంటాను. అతనికి తిరిగి ఇచ్చేయడానికి ‘తీసుకో’ అన్న ఒక్క మాట చాలు. ఆ మాట తప్ప అన్నీ మాట్లాడుతున్నాను.