నాలుగో పుస్తకంలో తమ్ముడు

2023 చలికాలం వరకూ నేను పిల్లల పుస్తకాలు అమ్మానే గానీ చదవలేదు. పుస్తకాల కొట్టులో పన్నెండేళ్లు పనిచేసినవాడు చెప్పుకోదగ్గ మాట కాదిది. అట్ట చూసి, అట్టే ఆలోచించకుండా చేతిలో పెట్టేవాణ్ణి. మా కొట్టు కువైట్‌లో, సాల్మియాలోని ఒక మాల్ రెండో అంతస్తులో. పిల్లల విభాగం నాది. అమలాపురంలో మా మేనల్లుళ్లు మాత్రం నన్ను గొప్ప చదువరి అనుకుంటారు. నేను పంపే ఫొటోల్లో నా వెనక అన్నీ పుస్తకాలే కదా.

మా వృత్తిలో బాక్స్ సెట్ అని ఒకటుంది. ఒకే కథ నాలుగైదు పుస్తకాలుగా సాగితే అన్నిటినీ ఒక అట్టపెట్టెలో పెట్టి, పైన ప్లాస్టిక్ బిగించి అమ్ముతారు. పెట్టె మీద ‘9 ప్లస్’ అని ఉంటుంది, తొమ్మిదేళ్లు నిండినవాళ్లు చదవొచ్చని. ప్లాస్టిక్ చింపితే సరుకు పాడైనట్టే గనక లోపల ఎవరూ చూడరు. దజీజ్‌లోని గోడౌన్ నుంచి ఆ పెట్టెలు తెచ్చే సేల్స్ మనిషిని ఒకసారి అడిగాను కూడా. “కళ్లు మూసుకుని అమ్మండి భాయ్,” అన్నాడు హిందీలో. నేను సరిగ్గా అలాగే అమ్మాను.

అలా ఒక పెట్టె కొన్నది సబా అల్ సలేంలో ఉండే ఒక కువైటీ ఆవిడ. కూతురు నూరాకు పదేళ్లు. మంత్రాలూ డ్రాగన్లూ ఉన్న కథ కావాలంది. ఐదు పుస్తకాల పెట్టె ఇచ్చాను. వాళ్ల వెనక సంచులు మోస్తూ నిలబడ్డది రమణమ్మ, ఆ ఇంట్లో పనిచేసే రాయచోటి మనిషి. నా ఫోన్‌లో తెలుగు వినబడగానే ముఖం విప్పి నవ్వింది.

నెల తిరిగాక ఒక గురువారం రమణమ్మ ఒక్కతే వచ్చింది. నవ్వు లేదు. చున్నీ చాటు నుంచి నాలుగో పుస్తకం తీసింది.

“అన్నా, ఇందులో ఏముండాదో సదివి చెప్పు. పాప ఈడిదాకా సదివి ఆపేసింది,” అని మడిచిన పేజీ చూపించింది.

“ఏమైందమ్మా?”

“పది దినాలాయ, తమ్ముణ్ణి గదిలోకి రానీదు. మూడేండ్ల పిల్లోడు తలుపు కొట్టి కొట్టి ఏడుస్తాండాడు. ‘వాడు మా తమ్ముడు కాదు’ అంటాది పాప. నేను దయ్యాల కతలు చెప్పినానంట. ఆదివారం మక్తబ్‌లో ఇడిసిపెడ్తా అనింది మామా.”

మామా అంటే ఇంటి యజమానురాలు. మక్తబ్ అంటే పనిమనుషుల్ని కుదిర్చే ఆఫీసు. అక్కడికి తిరిగి పంపారంటే పని పోయినట్టే. ఒక్కోసారి దేశం వదలాల్సి వస్తుంది కూడా.

“మరి నువ్వు గానీ చెప్పావా?” అని అడిగేశాను. నా తెలివితక్కువతనం కూడా బాక్స్ సెట్‌లాగే వస్తుంది, ఒకదానితో ఆగదు.

“నాకొచ్చిన అరబ్బీ ఎంతన్నా? రొట్టె, నీళ్లు, చెప్పులు, తొందరగా రమ్మనే యల్లా. వీటితో దయ్యాన్ని ఎట్ల జేసేది?”

నిలబడే ఆ పేజీ చదివాను. కథలో నీడల రాజు ఒక అమ్మాయి తమ్ముణ్ణి ఎత్తుకుపోయి, వాడి ముఖం తొడుక్కుని వచ్చి తలుపు తడతాడు. “అక్కా, నేనే,” అంటాడు. నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి. నా వయసు నలభై నాలుగు ప్లస్.

పుస్తకం ఇంటికి చేరకపోతే ఇంకో గొడవ గనక రమణమ్మ దాన్ని తీసుకుని వెళ్లిపోయింది. శనివారం పాప చేత అడిగించి మామాను కొట్టుకు రప్పించమన్నాను. ఆమె వెళ్లగానే మరో పెట్టె ప్లాస్టిక్ చింపాను. నా ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే అనుమతి, ఈ కొట్టు పేరు మీదే ఉంది. మేనేజరు చూస్తే ఏం చెప్పాలా అని చింపుతున్నంతసేపూ అతని గది వైపే చూశాను.

శుక్రవారం నాకు సెలవు. ఐదు పుస్తకాలూ ముందేసుకుని కూర్చున్నాను. పొయ్యి మీద అన్నం మాడింది. మొదటి దానిలో మాట్లాడే చిలకలూ, ఎగిరే చెప్పులూ. రెండోది కూడా అంతే. మూడో దానిలో ఒక ముసలాయన చనిపోతాడు. నాలుగోది పెద్దపిల్లల కథ. అప్పుడు అర్థమైంది. ఈ పుస్తకాలు మొదట ఏడాదికొకటి చొప్పున వచ్చాయి. చదివే పిల్లలూ వాటితోపాటే పెరిగారు. మేం పెట్టెలో కట్టి ఆ ఐదేళ్లనూ నెలలో చదివిస్తున్నాం. ‘9 ప్లస్’ అన్నది మొదటి పుస్తకం వయసు.

శనివారం ఎస్కలేటర్ వైపు ఎన్నిసార్లు చూశానో. ఐదింటికి వచ్చారు. ఆవిడ ముందు, నూరా వెనక, ఆ వెనక సంచులు లేకుండా రమణమ్మ. నేర్చిపెట్టుకున్న ఇంగ్లిష్ వాక్యాలన్నీ మరిచిపోయి, వచ్చిన ముక్కల్లోనే “తప్పు నాది మేడమ్,” అన్నాను. పేజీ తీసి చూపించాను.

ఆవిడ నిలబడే చదివింది. తల ఎత్తి, “నువ్వు చదవకుండానే అమ్మావా?” అంది.

“అవును మేడమ్.”

పుస్తకం మూసి నా చేతికిచ్చింది. తర్వాత రమణమ్మ వైపు తిరిగి “ఖలాస్,” అంది, ఆదివారం మాట ఇక లేదన్నట్టు. రమణమ్మ పక్కనున్న అల్మారాను గట్టిగా పట్టుకుంది.

అప్పుడు నూరా నన్నడిగింది. “అసలు తమ్ముడు తిరిగొస్తాడా?”

“వస్తాడు. ఐదో పుస్తకం చివర.”

“నిజంగా తమ్ముడేనని అక్కకెలా తెలుస్తుంది?”

“రాగానే ‘ఆకలేస్తోంది’ అంటాడు. నీడల రాజుకు ఆకలి ఉండదు.”

నూరా ఆ మాట అరబ్బీలో, పొట్ట తట్టి చూపిస్తూ రమణమ్మకు చెప్పింది. రమణమ్మ తనకున్న నాలుగు ముక్కల్లోంచి రొట్టె అన్న మాటను పట్టుకుని, వేళ్లతో లెక్కపెట్టి చూపించింది, పొద్దున్నించి నూరా తమ్ముడెన్ని తిన్నాడో. నూరా నవ్వింది. ఆవిడ కూడా నవ్వాపుకోలేకపోయింది. నాలుగూ ఐదూ రెండేళ్ల దాకా ఇంట్లో అల్మారా పైన పెడతామని ముగ్గురూ ఒప్పుకున్నారు.

అప్పట్నించీ ఏ సిరీస్ వచ్చినా ముందు ఆఖరి పుస్తకం చదువుతాను. పిల్లవాడి వయసుతోపాటు ఇంట్లో తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఉన్నారా అని కూడా అడుగుతాను. నన్ను వింతగా చూసేవాళ్లున్నారు.

చింపిన పెట్టె నేనే కొనుక్కున్నాను. తర్వాతి నెల దజీజ్ సేల్స్ మనిషి కొత్త పెట్టెలతో వచ్చాడు. కుర్చీ వేశాను, టీ తెప్పించాను, నాలుగో పుస్తకంలో ఆ పేజీ తెరిచి చేతికిచ్చాను.

“పైకి చదవండి భాయ్. కళ్లు తెరిచి,” అన్నాను.

సగం పేజీకి గొంతు తగ్గింది. అదే సమయానికి వెనకనుంచి ఎవరి పిల్లాడో వచ్చి ఆయన చొక్కా లాగాడు. భాయ్ ఉలిక్కిపడి టీ అంతా ఒళ్లో పోసుకున్నాడు.